తిండిది కాదు, తడిది

పసిబిడ్డ కనిపిస్తే లోకమంతా ముఖం చూస్తుంది. ముక్కు తల్లిదని, కళ్లు మేనమామవని పంచాయతీ పెడుతుంది. రుద్రంగి దశరథం మాత్రం పిర్రలు చూస్తాడు. ఆడా మగా అని అడగడు. పేరేమిటని అడగడు. "పిర్రలెట్లున్నయి?" అంటాడు.

జవాబు నోటితో చెబితే ఆయనకు చాలదు. బిడ్డను బోర్లా తిప్పి చూపించాలి. తువాలతో చేతులు తుడుచుకుని, కళ్లు చికిలించి, పొలంలో పదును చూసే రైతులా కాసేపు చూసి తీర్పు చెబుతాడు. "గిది తిండిది కాదు, తడిది." కమలడం తిండి వల్ల కాదు, తడి వల్ల అని. ఎర్రగా కమిలిన పిర్రలకూ అదే తీర్పు, ఒరుసుకుపోయిన తొడలకూ అదే తీర్పు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. అది అయిపోగానే వంటగది వైపు ముక్కు తిప్పి రెండో ప్రశ్న వేస్తాడు.

"ఇంట్ల ఏం కూర?"

పిర్రలు చూసిన నోటితో వెంటనే కూర ఎలా అడుగుతాడో ఆయన కొడుకు మహేందర్‌కు ఏనాడూ అర్థం కాలేదు.

మహేందర్ కోరుట్లలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. చదువు ఇంటర్‌తో ఆగింది కానీ చదవడం ఆగలేదు. దొరికిన పుస్తకమల్లా చదివి, తను కూర్చోవాల్సిన కుర్చీలో ఇంకెవడో కూర్చున్నాడన్న కోపంతో తిరుగుతుంటాడు. ఊరు చిన్నదని కోపం, దుకాణం ఇరుకని కోపం, పుస్తకం చదవని దోస్తులంటే కోపం. అవన్నీ ఎలాగో ఓర్చుకుంటాడు. ఓర్చుకోలేనిది బాపునే. "నువ్వు పిర్రల దశరథం కొడుకువు గదా?" అని ఎవరైనా అడిగితే, చేతిలోని ఫోనులోకి దూరిపోగలిగితే బాగుండునన్నట్టు తల దించుకుంటాడు.

ఆడవాళ్లకు టికెట్ లేకుండా పోయిన దగ్గర్నుంచి కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సు దశరథానికి జాతరైంది. సీటుకో తల్లి, ఒడికో బిడ్డ. ఒకసారి తండ్రీకొడుకులిద్దరూ కలిసి ఎక్కారు. ముందు సీట్లో ఒక బాలింత, పక్కనే ఆమె అత్త. ఒళ్లో పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"బిడ్డా, పిల్లగాని లాగు ఒకసారి ఇడువు," అన్నాడు దశరథం.

"ఎందుకు?" అంది అత్త.

"పిర్రలెట్లున్నయో సూద్దాం."

"నువ్వేమన్న డాక్టర్‌వా?"

"కాదు చెల్లె. రుద్రంగోన్ని."

ఆ జవాబులో ఏం బలముందో కానీ లాగు ఊడింది. సగం బస్సు లేచి తొంగి చూసింది. కండక్టరమ్మ వచ్చి "తాతా, టికెట్" అంటే, "ఆగు బిడ్డా, ఈ ముచ్చట తేలనియ్" అన్నాడు. తీర్పు చెప్పాడు. భుజాన ఉన్న సంచిలోంచి మెత్తటి నూలు గుడ్డ తీసి ఇచ్చాడు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే మల్లయ్య దగ్గర మిగిలిన ముక్కలు ఎప్పుడూ ఆ సంచిలో ఉంటాయి. "తడిసినప్పుడల్ల మార్చు. రుద్దకు, అద్దు. జర గాలి తగులనియ్," అని చెప్పి, ఊపిరి తీసుకుని, "సద్దిల ఏం కూర తెచ్చుకున్నరు?" అని అడిగాడు.

అత్త ముఖం మాడ్చుకుని టిఫిను విప్పింది. కోడికూర. ఒక రొట్టె మీద రెండు ముక్కలేసి ఇచ్చింది. దశరథం ముట్టుకోలేదు.

"నేనొక్కణ్ణే తింటె నాకు సయించది. కోడలుపిల్లకు గూడ పెట్టు."

మహేందర్ పోవాల్సింది సిరిసిల్ల. వేములవాడలోనే దిగిపోయాడు. తర్వాతి బస్సులో నిలబడి వెళ్లాడు.

ఊళ్లో బాపురావు ఇంటి సంగతి ఇంకా ఘోరం. ఆయన ఒకప్పటి దొర. దొరతనం పోయి చాలాకాలమైనా ఇప్పటికీ జనం ఆ ఇంటి గేటు దగ్గరే చెప్పులు విడుస్తారు. అలాంటి ఇంట్లోకి దశరథం నేరుగా వెళ్లి, పేపరు చదువుతున్న బాపురావు ముందు నిలబడ్డాడు.

"దొరా, మనుమరాలి పిర్రలెట్లున్నయి?"

బాపురావు పేపరు మడిచాడు. "దశరథం, ఇంట్ల ఆడోళ్లున్నరు."

"ఉన్నరనే అడుగుతున్న దొరా. మగోళ్లను అడిగితె ఏం ఎరుకుంటది."

చివరికి మనుమరాలిని తెచ్చి చూపించారు. పిర్రలు మల్లెమొగ్గల్లా ఉన్నాయి. అయినా దశరథం తల ఊపి, "గిది తిండిది కాదు, తడిది" అన్నాడు. ఆ తర్వాత కూర అడిగాడు. ఆ ఇంటి డైనింగ్ టేబుల్ మీద, దొర కోడలు, బిడ్డ తల్లి అక్షర ఎదురుగా కూర్చుని తింటుండగా, గుత్తివంకాయతో అన్నం తిని వచ్చాడు. ఈ సంగతి మహేందర్‌కు చాయ్ హోటల్లో తెలిసింది. చెప్పినవాళ్లంతా తలా కొంచెం మసాలా వేసి మరీ చెప్పారు.

ఎల్లారెడ్డిపేట పెళ్లి వీడియో గురించి చెప్పకపోవడమే మంచిది. అందులో వధూవరుల పక్కన దశరథం ఎవరి బిడ్డనో బోర్లా పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూస్తుంటాడు. ఆ ముక్క కోరుట్లలో ఉన్న ఫోన్లన్నిటిలో ఉంది. చాలా ఫోన్లలోకి దాన్ని ఎక్కించింది మహేందర్ పనిచేసే దుకాణమే.

జగిత్యాల సంబంధం వచ్చినప్పుడు అందుకే మహేందర్ చాలా జాగ్రత్త పడ్డాడు. కాబోయే మామ కిష్టయ్యకు బట్టల దుకాణం. అత్త శాంత మర్యాదలకు, పథ్యాలకు పెట్టింది పేరు. పిల్లను చూడబోయిన రోజు ఆ వీధిలో ఎక్కడా పసిబిడ్డ లేకుండా ముందే కనుక్కుని మరీ బాపును తీసుకెళ్లాడు. సింధూజతో పెళ్లయింది. ఏడాది తిరిగేసరికి ఆడపిల్ల పుట్టింది. తొలి కాన్పు కనుక తల్లీబిడ్డలు జగిత్యాలలోనే ఉన్నారు.

మహేందర్ బిడ్డకు ఖరీదైన డైపర్లు తెచ్చాడు. పూల వాసన వేసే తడి తుడుపులు తెచ్చాడు. అంతకంటే ఘాటుగా వాసన వేసే పౌడరు తెచ్చాడు. శాంత పాత చీరలు చింపి గుడ్డలు సిద్ధం చేస్తుంటే నవ్వాడు.

"అవి మా ఊరోళ్లు కడతరత్తమ్మ. నా బిడ్డకు డైపర్లే."

"తడిసినప్పుడు మార్చాల్నా?" అడిగింది సింధూజ.

"ప్యాకెట్ మీద పన్నెండు గంటలని రాసున్నది. మాటిమాటికి ఇప్పకు. సదువుకున్నోళ్లు రాసిన్రు గద."

సాయంత్రం వీడియో కాల్ చేసినప్పుడు దుకాణంలో దోస్తులకు కనిపించేలా బిడ్డను తిప్పి చూపించమనేవాడు. సింధూజ చూపించేది. డైపరు మీది ఏనుగు బొమ్మ బాగా కనపడేది. దాని లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనపడలేదు.

కొన్నాళ్లకు కనపడింది. పిర్రలు, తొడల సందులు ఎర్రగా కాలినట్టయ్యాయి. బిడ్డ ఒకటే ఏడుపు. శాంత చూసింది, బిడ్డను కాదు, కూతురిని.

"ఏం తిన్నవే?"

"ఏం తినలే అవ్వా."

"ఉత్తగనే గిట్ల ఉడుకు చేస్తదా? నిజం చెప్పు."

"మామిడికాయ తొక్కు... ఒక్క వేలు నాకిన."

అంతే, నేరం రుజువైంది. ఆ పూట నుంచి సింధూజకు బాలింత పథ్యం, కారం కలిపిన మెతుకులు తప్ప ఏమీ లేదు. పప్పు బంద్, కూర బంద్, కడుపునిండా మంచినీళ్లు కూడా బంద్. పాలు తగ్గాయి. బిడ్డ ఏడుపు పెరిగింది. రోజూ తెల్లారి కొత్త ఏనుగు, పొద్దుగూకి కొత్త ఏనుగు.

"నావల్లనే అయింది," అంది సింధూజ ఫోన్లో. గొంతు నీరసంగా ఉంది.

మహేందర్‌కు అప్పటికే అనుమానం మొదలైంది. ఫోన్లో చదివాడు. చదివిన ప్రతిచోటా తన డైపరే కనిపించింది. అయినా నోటి నుంచి వచ్చిన మాట వేరు. "జర పథ్యం పట్టు మరి," అన్నాడు. ఫోను పెట్టేశాక తన గొంతు తనకే అసహ్యమేసింది.

మర్నాడు కోరుట్లలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. చేతిలో పిల్ల లేదు.

"మా దోస్తు బిడ్డకు మేడం," అన్నాడు. ఫోన్లో ఫొటో చూపించాడు.

ఆమె ఫొటో చూసి, అతన్నీ చూసింది. "మీ దోస్తుకు చెప్పండి, తడవగానే మార్చాలని. వట్టి నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, కాసేపు ఏమీ కట్టకుండా వదిలేయాలి. వాసన తుడుపులు, పౌడర్లు బంద్. ఈ జింక్ మందు మందంగా పూయాలి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, పొక్కులు లేచినా, జ్వరమొచ్చినా తీసుకురావాలి."

"తల్లి మామిడికాయ తొక్కు తిన్నది మేడం. దాంతోటి కావచ్చా?"

"తల్లిని కడుపునిండా తిననివ్వండి. తడితో వచ్చినదానికి తిండేం చేస్తుంది?" మందు చీటీ ఇస్తూ అంది. "ఈసారి బిడ్డనే తీసుకురండి. మీ దోస్తుకు సిగ్గెక్కువలా ఉంది."

ఇరవై ఏళ్లుగా బాపు నోట విని విసిగిపోయిన మాటే అది. మందు ట్యూబు జేబులో వేసుకుని జగిత్యాల వెళ్లాడు. గుమ్మంలో అడుగుపెట్టేసరికి శాంత పక్కింటివాళ్లతో అంటోంది. "మా అల్లుడు తెచ్చేయన్ని మంచి మంచి కంపెనీలయి. తప్పంత మా పిల్లదే." ట్యూబు బయటికి తీస్తే మాట కూడా బయటికి రావాలి. ట్యూబు జేబులోనే ఉండిపోయింది. ఎంత చదివితే ఏం లాభం, ఒక్క వాక్యం పైకి చదవలేకపోయాడు.

బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్లె పండుగ దగ్గరపడింది. మహేందర్ రుద్రంగి వెళ్లి బాపును పక్కకు పిలిచాడు.

"బాపు, గక్కడ ఎవ్వలి పిర్రల ముచ్చట తియ్యద్దు."

"మనుమరాలియి గూడనా?"

"అసలు మనుమరాలియే తియ్యద్దు."

"సరె. నోరు తెరువ."

"కండ్లు?"

"కండ్లు మూసుకొమ్మంటె పోయి తొట్లెల పడుతరా."

ఆ రోజు దశరథం మాట నిలబెట్టుకున్న తీరు చూడటానికే రుద్రంగి నుంచి చుట్టాలు వచ్చినట్టున్నారు. బిడ్డ ఏడుస్తుంటే ఆయన తలెత్తి ఫ్యాను రెక్కలు చూస్తున్నాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టి, వాటిని తన తువాలతోనే చుట్టుకున్నాడు. "ఏం బావా, అడుగుతలేవేంది?" అని ఎవరో పొడిస్తే పెదాలు లోపలికి మడిచాడు. బిడ్డను ఎత్తుకుని సింధూజ దగ్గరికొస్తే, చెమటలు పట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చూసేవాళ్లకు కోడలి మీద అలిగినట్టుంది.

మహేందర్ గుండె కాస్త కుదుటపడింది. అప్పుడే భోజనాలకు పిలిచారు.

"ఏం కూర చెల్లె?" అన్నాడు దశరథం.

"బాపు," అన్నాడు మహేందర్ పళ్ల బిగువున.

"కూర అడగద్దన్నవారా? పిర్రలు అడగద్దన్నవు."

శాంత సంతోషంగా చెప్పుకొచ్చింది. "మటన్ ఉన్నదన్నా. బగార, పచ్చిపులుసు, గుత్తివంకాయ. కూసో."

"పిల్లకు?"

"దానికేముంటదన్నా. కారం మెతుకులు. ఏదో తిని ఉడుకు చేసుకున్నది. బిడ్డ ఒళ్లు చూస్తె మీరే అంటరు."

దశరథం కూతురులాంటి ఆ కోడలి వైపు చూశాడు. ఎండిన పెదాలు, చేతిలో ఎర్రటి మెతుకుల గిన్నె. తర్వాత కొడుకు వైపు చూశాడు. ఆ చూపు మహేందర్ జేబు దగ్గర ఆగినట్టనిపించింది. వడ్డించిన విస్తరి ముందు నుంచి దశరథం మెల్లగా లేచాడు.

"నాకు ఆకలైతలేదు చెల్లె."

మటన్ ముందు నుంచి దశరథం లేచాడన్న మాట పందిరంతా పాకింది. ఆయన పోయి వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాడు. వియ్యపురాలి ముఖం చిన్నబోయింది. కిష్టయ్య, "ఏమన్న మర్యాద తక్కువైందా అల్లుడా?" అని చెవిలో అడిగాడు.

మహేందర్ పెరట్లోకి పోయి తల్లి మొగిలవ్వను పట్టుకున్నాడు.

"సూసినవా అవ్వా? మాట్లాడకుంట గూడ ఇజ్జత్ తియ్యొచ్చని ఇయ్యాల్నే తెలిసింది."

మొగిలవ్వ చేతులు కడుక్కుంటోంది. తొందరపడలేదు.

"మీ బాపు ఊరోళ్ల ఇండ్లల్ల కూర అడిగి తింటడని నువ్వు శాన సిగ్గువడ్డవు. ఆయన కంచం పక్కపొంటి ఎవలు కూసుంటరో ఎన్నడన్న సూసినవారా?"

మహేందర్‌కు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. బస్సులో బాలింత, ఆమె రొట్టె మీద కోడికూర. దొరింట్లో అక్షర.

"నువ్వు పుట్టినప్పుడు ఈయన మస్కట్‌ల ఉండె," అంది మొగిలవ్వ. "సెలవు మీద అచ్చుడు అచ్చుడే పెట్టెడు ప్లాస్టిక్ లాగులు తెచ్చిండు. బాతుల బొమ్మలయి. పొద్దంత నీకు తొడిగి ఊరంత ఎత్తుక తిరిగిండు. నీ పిర్రలు ఉడికిపోయినయి. కోడలు వంకాయ తిన్నదన్నది మా అత్త. నాకు కారం మెతుకులు. పాలెండినయి. లాగు ఇప్పినోనికి ఎరుక లేదా, ఎందుకైందో? మస్కట్ లాగుల ఇజ్జత్ పోతదని ఒక్క మాట అనలే."

"నువ్వు అడగలేదా?"

"నేనేం అడుగుదు. గిప్పుడు ఆయనే ఊరంత తిరిగి అడుగుతుండు గద." మొగిలవ్వ కొంగుతో చేతులు తుడుచుకుని నవ్వింది. "దొరింటికి ఆయనంతట ఆయన పోయిండనుకున్నవా? అక్షరనే కబురు వెట్టింది. మొగిలవ్వా, కాకను ఒకసారి పంపు, గుత్తివంకాయ తినబుద్ధయితున్నది అని."

"మరి పిల్ల పిర్రలకు?"

"వాటికేం రోగం. శుభ్రంగున్నయట."

మహేందర్‌కు నవ్వు రావాల్సింది. రాలేదు. తండ్రి మీద సిగ్గుపడటం ఇన్నేళ్ల అలవాటు. ఆ సిగ్గు చల్లగా, సొంతింటికి వచ్చినట్టు, తన మీదికి వచ్చి కూర్చుంది. బాతులకు బదులు ఏనుగులు. అంతే తేడా.

లోపలికి వెళ్లాడు. తొట్లె చుట్టూ ఆడవాళ్లు పాట ఆపి పక్కకు జరిగారు. ఫొటో కోసమనుకుని ఫొటోగ్రాఫరు ముందుకొచ్చాడు. మహేందర్ బిడ్డను ఎత్తుకున్నాడు.

"పిర్రలెట్లున్నయి?" అన్నాడు.

"అల్లునికి గూడ తగిలింది," అన్నాడు వెనక నుంచి ఎవరో. రుద్రంగి వాళ్లంతా ఒక్కసారి పగలబడి నవ్వారు. మహేందర్ చెవులు కాలిపోయాయి. డైపరు పట్టీలు విప్పాడు. ఉబ్బి బరువెక్కిన ఏనుగు కింద పడింది. ఎర్రటి పిర్రలు అందరికీ కనపడ్డాయి. నవ్వులు ఆగాయి.

"అత్తమ్మ, గిది తిండిది కాదు, తడిది. పన్నెండు గంటలు ఇప్పద్దని నేనే చెప్పిన. డాక్టరమ్మ గూడ ఇదే అన్నది. మందిచ్చింది." జేబులోంచి ట్యూబు తీశాడు. "చెప్పడానికి ముఖం చెల్లక నా జేబులనే పెట్టుకొని తిరుగుతున్న. సింధూజ తప్పేం లేదు."

శాంత ట్యూబును చూసింది, అల్లుడిని చూసింది. అల్లుడిని తిట్టే ఆచారం ఆ ఇంట్లో లేదు కనుక మొగుడిని తిట్టింది. "గట్ల నిలవడుతవేంది, నీళ్లు తే." కిష్టయ్య తను చేసిన తప్పేమిటో తెలియకుండానే నీళ్ల కోసం పరిగెత్తాడు.

గుమ్మంలోంచి ఒక గొంతు వినయంగా వినపడింది.

"మహేందర్, నేనిగ నోరు తెరువొచ్చా?"

"తెరువు బాపు."

దశరథం వచ్చాడు. చేతుల కట్టు విప్పుకుని, సంచిలోంచి నూలు గుడ్డలు తీశాడు. "రుద్దకు చెల్లె, అద్దు. ఆరినంక మందు. జర గాలికి ఇడువుండ్రి." బిడ్డను బోర్లా ఒళ్లో వేసుకుని, పోయిన వారాల బాకీ అంతా తీరేలా తనివితీరా చూశాడు. బిడ్డ ఏడుపు తగ్గించి, ఆయన కొత్త పంచె తడిపింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఫొటోగ్రాఫరు ఆ ఒక్క ఫొటో తీశాడు. రేపటికల్లా కోరుట్లలో ఫోన్లన్నిటిలోకి ఎక్కుతుందని మహేందర్‌కు తెలుసు.

"మల్ల ఏం కూరన్నవు చెల్లె?" అన్నాడు దశరథం.

"మటన్ అన్నా," అంది శాంత నేల చూస్తూ.

"నేనొక్కణ్ణే తింటె నాకు సయించది."

శాంత ఇంకో విస్తరి తెచ్చి ఆయన పక్కన వేసింది. సింధూజ వచ్చి కూర్చుంది. మహేందర్ గంటె పట్టుకుని వడ్డించాడు. ఆమె ముఖంలోకి చూడలేక విస్తరిలోకే చూస్తూ వడ్డిస్తున్నాడు. ఆమె అన్నం మధ్యలో గుంట చేసి, విస్తరి కొంచెం ముందుకు జరిపింది. ఇంకో గంటె వేశాడు. మళ్లీ జరిపింది. మళ్లీ వేశాడు. క్షమించిందో, ఆకలేసిందో తెలుసుకునే దారి లేదు. ఏదైనా వడ్డించక తప్పదు.

నాలుగు ముద్దలు తిన్నాక సింధూజ మామగారి వైపు వంగి మెల్లగా అంది.

"మామా, రేపు గూడ రా. నాయిన కూరకు చాపలు తెస్తడట."

దశరథం నములుతున్న ముద్ద ఆపి, ఒళ్లోని మనుమరాలి పిర్రలకేసి గంభీరంగా చూసి, తల ఊపాడు.

"రాక తప్పేటట్టు లేదు. పొద్దుగాల జగిత్యాల బస్సు ఎప్పుడున్నదిరా?"